వదులు మెడపట్టీ

పై గుండీ పట్టలేదు.

ఊపిరి బిగబట్టింది, గడ్డం పైకెత్తింది, గోడకు వీపు ఆనించి నిటారుగా నిలబడి మరోసారి ప్రయత్నించింది. ఊహూఁ, ఎన్ని తంటాలు పడినా లాభం లేకపోయింది. పోయినసారి దారపు కాజాను పొడుగు చేసి ఎలాగో పట్టించిన గుండీయే ఈసారి కాజాకు బొటనవేలంత ఎడంగా ఆగిపోయింది. ఆమె చేతులు దించేసి మంచం పట్టె మీద కూలబడింది. ఇంకా కుంచె పట్టనే లేదు, అప్పుడే ఒంట్లో ఉన్న శక్తంతా అయిపోయింది.

"అయిందా లేదా?" ముందు గదిలోంచి మొగుడు కేకేశాడు. "పొద్దుటి వెలుతురు పోతోందే బాబూ!"

"వెలుతురు ఎక్కడికీ పారిపోదు, వస్తున్నా," అంది. ఆ నాలుగు మాటలకే ఆయాసం వచ్చింది.

ఆ దుస్తులు ఆమె తల్లివి. కొండలకు అవతల, ఆమె పుట్టింటి వైపు ఆడవాళ్ళు ముఖ్యమైన రోజుల్లో తొడుక్కునేవి. పొరలు పొరలుగా కుచ్చిళ్ళ లంగా, చేతుల మీద ఎర్రదారం అల్లిక ఉన్న ముఖమల్ కోటు, దానికి గొంతు దాకా లేచి నిలబడే గట్టి మెడపట్టీ, తలకు వెండి బిళ్ళలు కుట్టిన గుడ్డ. అన్నీ తగిలించుకుంటే నిండు బిందె ఎత్తుకున్నంత బరువు. అక్కడ ఇప్పుడు వాటిని ఎవరూ తొడుక్కోవడం లేదట. ఇక్కడ మాత్రం ఆమె పెళ్ళైన ఏడాది నుంచీ తొడుక్కుంటూనే ఉంది, ఎందుకంటే ఆమె మొగుడు చిత్రకారుడు, ఆయన వేసేదల్లా ఆమె బొమ్మే. ఆ దుస్తుల్లో ఆమె నిలబడ్డ పటాలు ఎన్ని ఇళ్ళ గోడల మీద ఉన్నాయో ఆ దంపతులకే తెలియదు. వీధిలో ఆమె సొంత పేరు కూడా పోయింది. కిరాణా కొట్టాయన దగ్గర్నుంచి పోస్టుమ్యాన్ దాకా అందరికీ ఆమె "పటంలో ఆవిడ".

దుస్తుల గొడవ సరే, అసలు సంగతి ఆ మెడపట్టీ లోపల ఉంది. ఆమె గొంతు మీద ఒక గడ్డ. మొదట్లో బఠాణీ గింజంత ఉండేది, మింగినప్పుడు వేలికి తగిలి జారిపోయేది. ఇప్పుడు పెద్ద నిమ్మకాయంత అయింది, వెతుక్కోనక్కర్లేదు. దాంతోపాటే ఈ నీరసమూ వచ్చింది. పొద్దున లేస్తే లేచినట్టుండదు. కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాదు. ఎండలో నిలబడ్డా చలి, దువ్వెన నిండా జుట్టు, గొంతులో ఎప్పుడూ ఏదో అడ్డం పడినట్టు బొంగురు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, ముఖ్యంగా మొగుడికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదూ అంటే, ఆయనే చూడాలి. అదీ ఆవిడ పట్టుదల. ఎప్పుడూ తన బొమ్మే వేసే మనిషి తనంతట తాను చూసి, "ఏమే, గొంతు దగ్గర ఏమిటది?" అని ఒక్కసారి అడగాలి. అడిగేదాకా నోరు విప్పనని ఒట్టు పెట్టుకుంది. పెట్టుకున్న రోజున, రెండు మూడు వారాల్లో అడక్కపోతాడా అనుకుంది. ఏళ్ళు గడిచాయి.

ఇదేం మొండితనం తల్లీ అని మీరు అనుకోవచ్చు. అనుకోండి. కానీ వాళ్ళిద్దరూ బొమ్మ వేసే పద్ధతి తెలిస్తే అంత తేలిగ్గా అనరు.

పెళ్ళైన కొత్తలో ఆయన ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి మొదటి పటం వేశాడు. మొహం దివ్యంగా కుదిరింది. దుస్తులు మాత్రం తడిగుడ్డలు పిండి పడేసినట్టు వచ్చాయి. ఆమె చూసి చూసి, ఇక ఉండబట్టలేక, "కుచ్చిళ్ళు అలా పడవండీ," అంది. "అంత తెలిస్తే నువ్వే వెయ్యి!" అని ఆయన ఉక్రోషంగా కుంచె చేతికిచ్చాడు. ఆమె నిజంగానే వేసింది. పుట్టింట్లో బట్టలకు అద్దకం వేసిన చెయ్యి, రంగు కొత్తేం కాదు. ఆయన నోరెళ్ళబెట్టాడు. ఆ పూటే పంపకాలు జరిగిపోయాయి. మెడపట్టీ అంచు దాకా ఆమెది, ఆ పైన ఆయనది. ఆమె దుస్తులు తొడుక్కుని, నిలువుటద్దం పక్కన స్టాండు పెట్టుకుని, అద్దంలో ఏది ఎలా కనిపిస్తే అలా వేస్తుంది. చిరుగు పడితే చిరుగు, మాటు వేస్తే మాటు, రంగు వెలిస్తే వెలిసిన రంగు. ఆమె పని అయ్యాక ఆయన వచ్చి మొహం వేస్తాడు.

మొదట్లో మొహానికి కూడా కూర్చోబెట్టేవాడు. ఒకరోజు, "నువ్విక కూర్చోనక్కర్లేదులే, నీ మొహం నాకు కంఠతా వచ్చు," అన్నాడు. ఆ మాటకు ఆమె ఎంత మురిసిపోయిందో చెప్పలేం! వీధిలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. ఆ రోజుతో తను ఆయన కళ్ళ ముందు నుంచి తప్పుకుందని పిచ్చిదానికి తెలియలేదు.

అంచేత ఆ పటాల్లో ఒక వింత జరుగుతూ వచ్చింది. కోటు పాతబడింది, లంగా అంచు వెలిసింది, నడుము పక్కన కుట్లు విప్పి వదులు చేసిన చారలు కనిపించాయి. మొహం మాత్రం కొత్త పెళ్ళికూతురిదే. గడ్డ పెరిగి మెడపట్టీ చాలనప్పుడల్లా ఆమె కాజా పొడుగు చేసింది, పొడుగైన కాజానే పటంలో వేసింది. ఆయన వచ్చి దాని పైన ఎప్పటిలాగే సన్నటి మెడ నిలబెట్టాడు. సన్నటి మెడ చుట్టూ బావి గట్టులాంటి మెడపట్టీ! చూసినవాళ్ళు నవ్వాలి కదా? నవ్వలేదు సరికదా, "ఆహా, ఆ వదులులో ఎంత సొగసుందీ!" అన్నారు. పటాల కొట్టాయన అదే ఆయన శైలి అని ఊరంతా చాటాడు. వేరే చిత్రకారులు కూడా తమ బొమ్మలకు మెడపట్టీలు వదులు చేయడం మొదలుపెట్టారు.

మెడ ఆయన వాటాలోది. ఆమె తన హద్దు దాటి కుంచె పెట్టదు, హద్దు దాటి మాటా అనదు. ప్రతి పటానికీ మెడపట్టీ వేసి, ఇదిగో, ఇక మీరు చూసుకోండి అన్నట్టు పక్కకు జరిగి, కాసేపు అక్కడే నిలబడుతుంది. ఇంతవరకు ప్రతిసారీ ఆ నిలబడ్డం దండగే అయింది.

ఈ రోజు ఆమె గుండీ పెట్టుకోకుండానే అద్దం ముందుకు వచ్చింది. అలాగే వేసింది. మెడపట్టీ రెండు రెక్కలూ విచ్చుకుని ఉన్నాయి, వాటి మధ్య గుండీ వేలాడుతోంది. మధ్యలో ఒకసారి కునుకు పట్టి కుంచె చేతిలోంచి జారిపోయింది.

"నిలబడి నిద్రపోతావేమిటే?" అని ఆయన పకపకా నవ్వాడు. "గుర్రం పుట్టుకా నీది?"

"ఏమోనండీ," అంది.

ఆయన మంచివాడే. ఆ ముక్క కూడా చెప్పకపోతే అన్యాయం. తాగడు, తిట్టడు, ఆమె గీసిన గీత మీద గీత గీయడు. కాళ్ళు పీకుతున్నాయని ఆమె అంటే పరుగున వెళ్ళి స్టూలు తెచ్చి వేస్తాడు. వేసి, స్టూలు కుదురుగా ఉందో లేదో ఊపి చూసి, తన పనికి తాను వెళ్ళిపోతాడు.

మధ్యాహ్నానికి ఆమె పని అయింది. ఆయన వచ్చి కాన్వాసు ముందు నిలబడ్డాడు.

"ఇదేమిటి, గుండీ తీసేశావ్?"

"పట్టలేదండీ," అంది. అడుగు నాయనా, ఎందుకు పట్టలేదో అడుగు, ఒక్క ముక్క అడుగు అని లోపల్లోపల బతిమాలుకుంది.

ఆయన తల పక్కకు వంచి చూశాడు, కాన్వాసును. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు, మళ్ళీ కాన్వాసునే. "భలే ఉందోయ్!" అన్నాడు. "ఏదో కొత్తదనం కావాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నా. ఇలాగే ఉంచు. మన కొట్టాయన ఎగిరి గంతేస్తాడు చూడు."

అని కుంచెలు కడుక్కుని, ఈల వేసుకుంటూ, ఆ విచ్చుకున్న మెడపట్టీ మధ్యలో సన్నటి మెడ వేయడం మొదలుపెట్టాడు. ఆమె వంటగదిలోకి వెళ్ళి తలుపు చాటున నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఏడుపు కూడా పూర్తిగా రాలేదు, దానికీ ఓపిక కావాలి కదా.

ఈ గడ్డను కనిపెట్టిన మనిషి ఇంట్లో ఒక్కతే ఉంది. మేడ మీద వాటాలో ఉండే వదిన, అంటే ఆయన అక్క. ఆవిడ నోరు మంచిది కాదు గానీ కళ్ళు మంచివి. మొదట్లో "ఒళ్ళు చేశావే మరదలా, పని తగ్గింది కాబోలు," అని దెప్పేది. ఒకనాడు మెట్ల దగ్గర ఎదురుపడి టక్కున ఆగిపోయింది.

"ఏమే, గొంతు దగ్గర ఏమిటే అది?"

ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ప్రశ్న, అక్షరం పొల్లుపోకుండా వచ్చింది, కానీ రావాల్సిన నోట రాలేదు. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఏం లేదు వదినా. ఆయనతో మాత్రం అనకండి, మీకు దణ్ణం పెడతా."

"అనకపోవడమేమిటే? డాక్టరుకి చూపించుకోవద్దూ?"

"ఆయనే చూడాలి. చూసి అడగాలి. అడిగిన మర్నాడే వెళ్తాను."

"వాడా!" వదిన ముక్కున వేలేసుకుంది. "మూతికి మెతుకు అంటుకుంటే నేను చెప్తేనే గాని తుడుచుకోనివాడు, వాడు చూస్తాడా? వాడు చూసేదాకా కూర్చున్నావంటే నువ్వు పటంలోనే మిగుల్తావు, చెప్తున్నా!"

ఆ మాట అనేశాక ఆవిడే నాలిక్కరుచుకుంది. మరదలు చేత ఒట్టు వేయించుకున్నాక గాని మెట్లు దిగనివ్వలేదు, తర్వాత వేయబోయే కొత్త పటం అయ్యాక కూడా ఆయన అడక్కపోతే మరదలే ఆయనకు చెప్పేయాలని. ఆ కొత్త పటం ఇదే. ఈల పాటతో సహా పూర్తయిపోయింది.

ఇంతలో పటాల కొట్టాయన ఎగిరి గంతేస్తూనే వచ్చాడు, అయితే కొత్త పటం కోసం కాదు.

"గురువుగారూ, మీ పంట పండింది! కొత్త ఆసుపత్రి కట్టారు చూశారూ, ఆ ఆసుపత్రి వాళ్ళు లోపలి వరండా అంతా మన పటాలే పెడుతున్నారు. కొన్నవాళ్ళ ఇళ్ళిళ్ళూ తిరిగి, కాళ్ళా వేళ్ళా పడి, పాతవన్నీ అడిగి తెచ్చాను. మొదటిది మొదట, తర్వాతది తర్వాత, వరసగా గోడకి తగిలిస్తున్నాం. ఇప్పుడు వేసింది చివర్న పెడదాం. ప్రారంభం రోజున చెల్లెమ్మ ఆ దుస్తుల్లోనే రావాలి. వచ్చి అలా నిలబడితే చాలు."

"నిలబడ్డం నా వల్ల కాదన్నయ్యా," అంది ఆమె.

"అయ్యో, ఇన్నాళ్ళూ నిలబడ్డావు, ఒక్క పూట నిలబడలేవా?" అన్నాడాయన. అందులో తప్పేం ఉంది, ఆయనకేం తెలుసు.

ఆ పూట రానే వచ్చింది. ఆమె అన్నీ తగిలించుకుని, గుండీ వదిలేసి, బస్సెక్కి దిగి, ఆసుపత్రి మెట్లెక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మందుల వాసన వేసే పొడుగాటి వరండా, ఒక వైపు బెంచీల మీద రోగులు, వాళ్ళకు ఎదురుగా గోడ పొడుగునా ఆమె. అన్ని పటాలూ ఒక్కచోట ఆమె ఎప్పుడూ చూడలేదు. గోడ మీంచి అంతమంది తనను ఒకేసారి చూస్తుంటే ఆమెకు సిగ్గేసింది, కాస్త భయం కూడా వేసింది.

ఆయన మాత్రం ఉతికిన చొక్కా వేసుకుని అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన భుజం తట్టి, "అద్భుతం! అమ్మాయి ఎవరండీ, మీ కూతురా?" అన్నాడు.

"మా ఆవిడ," అన్నాడాయన గర్వంగా, ఆమెను ముందుకు లాగి.

ఆ పెద్దమనిషి పటం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మళ్ళీ పటం వైపు చూశాడు. "ఓ... అవునవును, పోలికలున్నాయి," అని గబగబా మంచినీళ్ళ వైపు వెళ్ళిపోయాడు.

అప్పుడొచ్చింది డాక్టరమ్మ. వరండా చివరి గది ఆవిడదే, గొంతు జబ్బులు చూస్తుంది. పటాలు తగిలిస్తున్న రోజు నుంచీ ఆ దారినే తిరుగుతోంది. ఆవిడ ప్రసంగాలేవీ వినలేదు. సరాసరి ఆమె దగ్గరికి వచ్చి, మొహం చూడకముందే గొంతు చూసింది.

"మీరేనా! మీ కోసమే అడుగుతున్నాను. పటాల్లో ఈ దుస్తులు వేసిందెవరు?"

"నేనే అండీ."

"నాకూ అలాగే అనిపించింది. ఇలా రండి." ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని పటాల వెంట నడిపించింది. "ఇక్కడ గుండీ పట్టింది. ఇదిగో, ఈ పటంలో కాజా పొడుగైంది. ఇక్కడ ఇంకా పొడుగైంది, కొత్త దారం కూడా కనిపిస్తోంది. ఇక్కడ మెడపట్టీ అంచు కుట్టు విప్పేశారు. చివరికొచ్చేసరికి అసలు పెట్టుకోనే లేదు. అంత శ్రద్ధగా వేశారే! మరి ఈ మెడలు?"

"అవి ఆయనవి."

ఆయన అప్పటికే నవ్వు మొహంతో దగ్గరికి వచ్చాడు. "అది మా శైలి అండీ, వదులు మెడపట్టీ. ఇప్పుడు అందరూ మమ్మల్ని కాపీ కొడుతున్నారు."

"శైలి కాదండీ," అంది డాక్టరమ్మ. "వాపు."

"వాపా? ఎక్కడ?" ఆయన నిజంగానే పటాల మీదికి వంగి వెతికాడు. "ఏ పటంలోనైనా చూడండి. మెడ ఎంత సన్నగా ఉందో! ఇందులో వాపేమిటండీ, మీరు మరీను!"

"గోడ వైపు కాదు, ఆవిడ వైపు చూసి చెప్పండి."

ఆయన తిరిగాడు. చూశాడు. చూశాడంటే, తెలిసిన గదిలో కరెంటు పోయినప్పుడు స్విచ్చి కోసం తడుముకున్నట్టు చూశాడు. ఉండాల్సిన చోట ఉండాల్సింది లేదు. ఆమె బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. కనుబొమ్మల చివర వెంట్రుకలు రాలిపోయాయి. కళ్ళ కింద నీలం. విచ్చుకున్న మెడపట్టీ మధ్య గడ్డ, ఆమె గుటక వేస్తే పైకి లేచి కిందికి దిగింది. ఆయన మొహంలో నవ్వు ఎక్కడిదక్కడే ఉండిపోయింది, దాన్ని తీసేయడం కూడా మర్చిపోయాడు.

డాక్టరమ్మ గదిలో ఆమెను కూర్చోబెట్టి, వెనక నిలబడి రెండు చేతులతో గొంతు తడిమింది. గ్లాసుతో నీళ్ళిచ్చి మింగమంది. నీరసంగా ఉంటుందా? ఉంటుంది. చలి? ఎప్పుడూ. జుట్టు రాలుతోందా? దువ్వెన నిండా. పడుకుంటే ఊపిరి ఆడుతుందా? దిండు ఎత్తు పెట్టుకుంటే ఆడుతుంది. ఒక్కొక్క జవాబుకూ మూలన నిలబడ్డ ఆయన ఉలిక్కిపడ్డాడు. దిండు ఎత్తు పెట్టుకుంటుందని కూడా ఆయనకు తెలియదు, పడుకునేది అదే మంచం మీద.

"ఎప్పుడు మొదలైంది?"

"వరండాలో కిటికీ పక్కనున్న పటం అప్పుడు," అంది ఆమె ఆలోచించుకోకుండా.

డాక్టరమ్మ చేతులు ఆగిపోయాయి. "అంటే మీకు మొదట్నుంచీ తెలుసా? తెలిసీ ఇన్నేళ్ళు ఊరుకున్నారా?"

"చూస్తారనుకున్నాను."

"ఎవరు?"

ఆమె చూపు మూలకు వెళ్ళింది. మూలన ఉన్న మనిషి గోడకు జారబడ్డాడు.

డాక్టరమ్మకు కోపం వచ్చింది, దాచుకోలేదు. "మీ పంతాలు తీరేదాకా అది ఆగుతుందా అమ్మా? అప్పుడే వచ్చి ఉంటే మందుబిళ్ళలతో పోయేదేమో. ఇప్పుడు గాలిగొట్టాన్ని నొక్కుతోంది. ఆపరేషను తప్పదు. గడ్డ మంచిదో చెడ్డదో తీసి పరీక్ష చేస్తే గాని నేనైనా చెప్పలేను." తర్వాత కాస్త మెత్తబడి, వచ్చే వారమే వచ్చి చేరమంది.

బస్సులో ఆమె తలగుడ్డ బిళ్ళలు కుదుపుకు గలగలమంటుంటే పక్కసీటు వాళ్ళు వింతగా చూశారు. ఇంటికొచ్చాక, ఆమె ఇంకా కోటు విప్పకముందే, ఆయన విరుచుకుపడ్డాడు.

"చెప్పొచ్చుగా! నోరుంది కదా, ఒక్క మాట చెప్పొచ్చుగా! చెప్తే నేను చూడనన్నానా?"

"చెప్తే ఎవరైనా చూస్తారండీ," అంది ఆమె. "చెప్తే పోస్టుమ్యాను కూడా చూస్తాడు."

గొంతు పెంచుదామనుకుంది, బొంగురుపోయింది. అయినా ఆగలేదు. ఇన్నేళ్ళ మాట ఒక్కసారి బయటికొస్తే ఆగుతుందా? "నా మొహం మీకు కంఠతా వచ్చన్నారు. ఎవరి మొహం అది? ఆ పిల్ల ఎవరో నాకే గుర్తు లేదు. దాన్ని చూసుకుంటూ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. కాజా పొడుగు చేసిన ప్రతిసారీ ఈసారి అడుగుతారు, ఈసారి అడుగుతారు అనుకున్నాను. అలిసిపోయానండీ. జబ్బుకు కాదు, మీ కోసం కాచుకుని కాచుకుని అలిసిపోయాను."

మేడ మీంచి వదిన దిగి వచ్చింది, ఇద్దరి మొహాలూ చూసింది, జీవితంలో మొదటిసారి ఒక్క ముక్క కూడా అనకుండా మళ్ళీ పైకెక్కిపోయింది.

ఆసుపత్రిలో చేరడానికి ముందు రోజు, పొద్దున పదింటికి, ఆయన కిటికీ పక్కన కుర్చీ వేశాడు. "కాసేపు కూర్చుంటావా?" అని అడిగాడు. రమ్మనలేదు, అడిగాడు. ఆమె ఇంట్లో కట్టుకునే మామూలు బట్టల్లోనే వచ్చి కూర్చుంది. ఆయన స్టాండుకు కాగితం బిగించి బొగ్గుముక్క తీసుకున్నాడు.

కళ్ళతో మొదలుపెట్టాడు, ఎప్పుడూ అక్కడే మొదలుపెడతాడు. కాసేపటికి కాగితం చింపేశాడు. ఇంకోటి బిగించాడు. అదీ చింపేశాడు. నుదుటి మీద చెమట పట్టింది, బొగ్గు చేతులతో తుడుచుకుంటే మొహమంతా నల్లగా అయింది. ఆమెకు నవ్వొచ్చింది.

"ఏమైందండీ?"

"రావట్లేదే," అన్నాడు. "నిన్నే చూస్తున్నాను, ఒట్టు. చూస్తూ చూస్తూ గీస్తున్నా ఆ పిల్లే వస్తోంది. ఈ చెయ్యి నా మాట వినడం లేదు. నాకు నువ్వు రావే!"

ఆయన చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఆమెకు జాలేసింది. కోపం పోయిందని కాదు, కోపం ఉండగానే జాలేసింది. కాసేపు ఏడవనిచ్చి, "కళ్ళ దగ్గర మొదలుపెడితే అంతే, ఆ దారి మీ చేతికి అలవాటు," అంది. "కింది నుంచి పైకి రండి. ఇక్కడ మొదలుపెట్టండి."

అని మెడ చుట్టూ కప్పుకున్న కొంగు తీయబోయింది. చెయ్యి రాలేదు. ఏ చూపు కోసం ఇన్నేళ్ళు పడిగాపులు పడిందో ఆ చూపు ఎదురుగా ఉంటే ఆమెకు చచ్చేంత సిగ్గేసింది. రెండు చేతులూ గడ్డ మీద కప్పేసుకుంది.

"వద్దులెండి. చూడ్డానికి బాగుండదు."

"చూడనీ," అన్నాడాయన. స్టాండు దగ్గర్నుంచి కదల్లేదు. "నాకు తొందరేం లేదు."

ఆమె చాలాసేపటికి చేతులు తీసింది. ఆయన గడ్డతో మొదలుపెట్టాడు. ఒక్కొక్క గీతకూ తలెత్తి చూశాడు, చూసి గాని గీయలేదు. గడ్డ నుంచి దవడ కిందికి, దవడ నుంచి ఉబ్బిన బుగ్గకు, అక్కడి నుంచి మూతి పక్క ముడతకు, తెలియని ఊళ్ళో దారి అడుగుతూ నడిచినట్టు పైకి వెళ్ళాడు. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె రెండుసార్లు కునికింది. ఈసారి ఆయన నవ్వలేదు, ఆమె లేచేదాకా బొగ్గుముక్క పట్టుకుని ఆగాడు.

"అయింది," అన్నాడు చివరికి, కాగితాన్ని ఆమె వైపు తిప్పకుండా. "చూస్తావా?"

ఆమె కుర్చీ పట్టుకుని లేచి, వెళ్ళి చూసింది. తన వాటా మెడపట్టీ దాకానే కదా, ఇన్నేళ్ళూ అద్దం ముందు నిలబడి దాని పైకి ఆమె కూడా చూడలేదు. ఆయన మీద అంత నేరం మోపిన మనిషి, తన మొహం తనూ చూసుకోలేదు. కాగితం మీద ఎవరో బరువైన రెప్పల ఆడమనిషి, పడుకోబెడితే చాలు బాబూ అన్నట్టు చూస్తోంది. అటువంటి మనిషి వీధిలో ఎదురైతే తానే చెయ్యి పట్టుకుని నీడకు తీసుకెళ్ళి కూర్చోబెట్టేది.

"ఇంత అలిసిపోయానా నేను?" అంది.

"అవునే," అన్నాడు.

ఆమెకు అప్పుడొచ్చింది ఏడుపు, ఏ తలుపు చాటుకూ వెళ్ళకుండా, పూర్తిగా. ఆయన బొగ్గు చేతులతోనే ఆమె భుజాలు పట్టుకుని మంచం దాకా నడిపించాడు.

"పడుకో."

"వంటో?"

"నేను చూస్తా."

"మీకు పొయ్యి వెలిగించడం వచ్చా?"

"రాదు. నువ్వు పడుకో."

ఆమె పడుకుంది. ఆయనే దిండు మీద దిండు వేసి ఎత్తు పెట్టాడు, ఆమె ఊపిరి చూసుకుంటూ పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి ఆమె కళ్ళు మూసుకునే, ఇన్నేళ్ళుగా ఎవరితోనూ అనని మాట అంది.

"నాకు భయంగా ఉందండీ."

కళ్ళు తెరిచి చూస్తే ఆయన ఇంకా ఆమెనే చూస్తున్నాడు.

"నాకూ," అన్నాడు.